జెండా స్తంభంలో దాచిన సీబీ యాంటెన్నా: కొన్నేళ్ల వాడకం తర్వాత

డాలస్ ఉత్తర శివార్లలో మా కాలనీ హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) నిబంధన ఒకటే మాట చెబుతుంది: వీధిలోకి కనిపించేలా రేడియో యాంటెన్నా ఉండకూడదు. డిష్‌లకు, టీవీ యాంటెన్నాలకు 1996 నాటి ఎఫ్‌సీసీ (అమెరికా సమాచార ప్రసార నియంత్రణ సంస్థ) నియమం అండగా ఉంది. సీబీకి, అంటే ట్రక్కర్లు, సామాన్యులు మాట్లాడుకునే సిటిజన్స్ బ్యాండ్ రేడియోకు, ఆ అండ లేదు. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో కరెంటు పోయి, సెల్ సిగ్నల్ కూడా అందని ఇళ్లను చూశాక, ఇంట్లో సీబీ రేడియో ఉండి తీరాలని నిశ్చయించుకున్నాను. లైసెన్సు అక్కర్లేదు. 40 ఛానళ్లు, మామూలు ఏఎం పద్ధతిలో 4 వాట్లు, ఎస్‌ఎస్‌బీ అనే మరో ప్రసార పద్ధతిలో 12 వాట్లు. శక్తి ఇంత తక్కువ కాబట్టి భారమంతా యాంటెన్నా మీదే పడుతుంది.

ఇలాంటి ఇళ్లవాళ్లకు అందరూ ముందుగా చెప్పేది అటక. ఆ సలహా పాటించే ముందు టార్చి పట్టుకుని ఒకసారి అటక ఎక్కండి. పైకప్పు చెక్కల లోపలివైపు వెండిలా మెరుస్తూ ఉంటే దిగివచ్చేయండి. వేడిని ఆపడానికి టెక్సస్ కొత్త ఇళ్లలో అతికించే అల్యూమినియం పొర అది. రేడియో తరంగాలను కూడా అది ఆపేస్తుంది. మా ఇంట్లో అదే ఉంది. పొర లేని పాత ఇంట్లో ఉండే మిత్రుడొకరు అటకలో డైపోల్ (మధ్యలో కేబుల్ కలిపే రెండు తీగల యాంటెన్నా) కట్టారు, చక్కగానే పనిచేస్తోంది. అయితే తీగను అడ్డంగా పరిచినంత కాలం ఆయనకు ట్రక్కుల మాటలు నూతిలోంచి వచ్చినట్టే వినిపించేవి. వాహనాల యాంటెన్నాలన్నీ నిలువుగా ఉంటాయి, మనదీ వీలైనంత నిలువుగా ఉండాలి. త్రికోణపు గోడ వెంట తీగను నిలువుగా దించాక తేడా వెంటనే తెలిసింది.

నేను ఎంచుకున్నది ఫైబర్‌గ్లాస్ జెండా స్తంభం. టెక్సస్ చట్టం ప్రకారం 20 అడుగుల వరకు జెండా స్తంభాన్ని హెచ్‌ఓఏ కాదనలేదు. ఎక్కడ పాతాలి, ఏ సామగ్రి వాడాలి అన్న విషయాల్లో మాత్రం షరతులు పెట్టవచ్చు. సీబీకి సగం తరంగదైర్ఘ్యం తీగ దాదాపు 17 అడుగులు, కాబట్టి స్తంభంలో హాయిగా ఇమిడిపోతుంది. ఇక్కడ అల్యూమినియం స్తంభం పనికిరాదు. లోపలి తీగను అది మూసేస్తుంది.

తీగను కింది కొసన 49:1 ట్రాన్స్‌ఫార్మర్‌కు (తీగను కేబుల్‌కు సరిపోల్చే పరికరం) కలిపాను. నీరు చొరని చిన్న ప్లాస్టిక్ పెట్టెలో అది పూలమొక్కల మధ్య కనపడకుండా ఉంది. అక్కడి నుంచి కోయాక్స్ కేబుల్ మట్టిలో పాతిన పీవీసీ గొట్టంలో ఇంట్లోకి వస్తుంది. ఫైబర్‌గ్లాస్ లోపల తీగ ప్రవర్తన కొంచెం మారుతుంది. ఆరుబయట లెక్కకు సరిపోయిన పొడవు లోపల ఎక్కువవుతుంది. అందుకే కాస్త పొడుగ్గానే ఉంచుకుని, వేలెడు చొప్పున కత్తిరిస్తూ ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు (యాంటెన్నా నుంచి ఎంత శక్తి వెనక్కి వస్తోందో చూపేది, 1కి దగ్గరైతే మంచిది) చూసుకోవాలి. మాది ఏ ఛానల్‌లోనూ 1.6 దాటదు, వానకు కొద్దిగా కదులుతుంది. కేబుల్ ఇంట్లోకి వచ్చే చోట ఫెరైట్ (అయస్కాంత గుణమున్న పింగాణీ లాంటి పదార్థం) ఉంగరాల్లో చుట్టి చోక్ (అడ్డంకి) చేయడం మరవకండి. లేకపోతే కేబుల్ కూడా యాంటెన్నాలో భాగమై, ఇంట్లోని రొదనంతా మోసుకొస్తుంది.

ఈ ఏర్పాటులో నాకు అన్నిటికంటే నచ్చింది నిశ్శబ్దం. ఎల్‌ఈడీ దీపాలు, ఏసీ, సోలార్ ఇన్వర్టర్ వెదజల్లే గరగర ఇంటికి దూరంగా ఉన్న యాంటెన్నాకు చాలా తక్కువగా అందుతుంది. చేరే దూరం గురించే అందరూ అడుగుతారు గానీ, వినగలగడం అంతకంటే పెద్ద విషయం. ఛానల్ 19లో హైవే మీది ట్రక్కర్లు రోజూ స్పష్టంగా వినిపిస్తారు. సూర్యుడి చురుకుదనం గరిష్ఠంగా ఉన్న 2024లో పగటివేళ దూర రాష్ట్రాల వాళ్లు కూడా పలికేవారు. 2017 నుంచి అలాంటి దూర సంభాషణకు చట్టపరంగా అడ్డు కూడా లేదు.

లోపాలూ ఉన్నాయి. స్తంభం కొనుగోలు, గుంత, కాంక్రీటు కలిపితే మామూలు బేస్ యాంటెన్నాకు అయ్యే ఖర్చుకు మించిపోతుంది. జెండాకు నైలాన్ తాడే వాడాలి. లోహపు తాడు, పైకొసన సోలార్ దీపం ఎస్‌డబ్ల్యూఆర్‌ను చెడగొడతాయి. రాత్రి దీపం లేకపోతే సూర్యాస్తమయానికి జెండా దించడం మర్యాద, ఆ పని మా అబ్బాయిది. ఉరుములు వినిపించగానే కేబుల్ ఊడదీయాలి. ఎర్త్ కడ్డీని ఇంటి విద్యుత్ ఎర్త్‌తో కలపడం మాత్రం ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

కొన్ని హెచ్‌ఓఏలు కనిపించే యాంటెన్నాలనే కాక బయట ఏ యాంటెన్నానైనా నిషేధిస్తాయి. అక్కడ దాచినా నియమం తప్పినట్టే, కాబట్టి ముందు పత్రం పూర్తిగా చదవండి. అలాంటి చోట్ల, స్తంభం పాతడానికి జాగా లేని టౌన్‌హౌస్‌లలో, కారు పైకప్పు మీద అయస్కాంతపు యాంటెన్నా పెట్టి రేడియోను కారులోనే ఉంచుకోవడం మేలు. కారు లోహపు పైకప్పు మంచి ఆధారం, దూరం వెళ్లినప్పుడూ అదే పనికొస్తుంది.