కారు లీజు అయిపోతోంది: పాత బ్రాండే మేలా, మారడం మేలా?

డాలస్ చుట్టుపక్కల 2023లో కార్లు లీజుకి తీసుకున్న మనవాళ్లకి ఇప్పుడు వరసగా గడువు దగ్గర పడుతోంది. ఫ్రిస్కోలో ఉన్నవాళ్లూ ఇర్వింగ్‌లో ఉన్నవాళ్లూ అందరూ అడిగేది ఒకటే, "అన్నా, హోండా ఇచ్చేసి మళ్లీ హోండానే తీసుకోనా, టయోటాకో టెస్లాకో మారిపోనా?" నేను కూడా ఈమధ్యే మా హోండా సీఆర్‌వీని వదిలించుకుని వేరే కంపెనీ కారు తెచ్చుకున్నాను కాబట్టి నాకు తోచింది ఒకసారి రాసి పెడుతున్నాను. లీజు అంటే ఏంటి, కొనడానికీ దానికీ తేడా ఏంటి అనే సంగతుల జోలికి పోవట్లేదు, అవన్నీ మీకు తెలిసినవే.

ముందు ఒక మాట. మనవాళ్లు బ్రాండ్ అనగానే మొదట మాట్లాడేది మన్నిక గురించే. టయోటా అయితే రెండు లక్షల మైళ్లు తిరిగినా ఏమీ కాదు, హోండా ఇంజన్ రాయిలా ఉంటుంది, హ్యుందాయ్ అయితే పదేళ్ల వారంటీ ఇస్తుంది, ఇలా. కారు కొనుక్కుని పదేళ్లు ఉంచుకునేవాడికి అవన్నీ కావాలి. మూడేళ్లు, 36 వేల మైళ్లు నడిపి తాళాలు ఇచ్చేసేవాడికి వాటితో ఏం పని? టయోటా, హోండాల మామూలు వారంటీ మూడేళ్లు లేదా 36 వేల మైళ్లు, హ్యుందాయ్‌ది ఐదేళ్లు లేదా 60 వేలు. ఏ బ్రాండ్ తీసుకున్నా మీ లీజంతా దాదాపు వారంటీలోనే గడిచిపోతుంది.

అయితే మన్నికకి ఉన్న పేరు ఊరికే పోదు, రెసిడ్యువల్‌లో, అంటే లీజు చివర కారుకి మిగులుతుందని కంపెనీ ముందే రాసుకునే విలువలో, కనిపిస్తుంది. రెండు కార్ల స్టిక్కర్ ధరా 38 వేల డాలర్లే, బేరం చేశాక వచ్చిన ధర కూడా ఒకటే అనుకుందాం. మూడేళ్ల తర్వాత ఒకదాని విలువ 60 శాతం ఉంటుందనీ, రెండోదానిది 50 శాతమే ఉంటుందనీ కంపెనీలు కాగితం మీద రాసుకుంటే తేడా 3,800 డాలర్లు, అంటే నెలకి వంద పైచిలుకు. అందుకే "వాడు నాలుగు వేలు తగ్గించాడన్నా" అని ఎవరైనా చెబితే నేను వెంటనే రెసిడ్యువల్ ఎంత, మనీ ఫ్యాక్టర్ ఎంత అని అడుగుతాను. మనీ ఫ్యాక్టర్‌ని 2400తో గుణిస్తే వడ్డీ రేటు వస్తుంది, 0.00250 అంటే 6 శాతం. ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అసలు రేటు మీద డీలర్ కొంత కలుపుకోవడం మామూలే కాబట్టి "బై రేట్ ఎంత?" అని నేరుగా అడగండి. ఆ మాట వినగానే ఎదురుగా కూర్చున్నవాడి మాటతీరు మారుతుంది.

ఇక నా లెక్కలో అసలు తేల్చేది ఏంటంటే, కొత్త కారు ఏ బ్రాండ్ అన్నది కాదు, పాత కారులో మీ డబ్బు ఏమైనా ఉందా అన్నది. మీ ఒప్పందంలో రాసిన బయౌట్ ధర (లీజు చివర ఆ కారుని మీరే కొనుక్కునే ధర) కంటే బయట ఆ కారు ధర ఎక్కువ పలుకుతుంటే ఆ తేడా మీది. దాన్ని ఈక్విటీ అంటారు. 2021, 2022లలో సెకండ్ హ్యాండ్ ధరలు ఆకాశంలో ఉన్నప్పుడు ఇది వేలల్లో ఉండేది, ఇప్పుడు అంత లేదు కానీ, ఇంటి నుంచి పనిచేస్తూ మైళ్లు తక్కువ తిప్పినవాళ్లకి ఎంతో కొంత మిగిలే ఉంటుంది. వాడని మైళ్లకి ఎవరూ డబ్బులు వెనక్కివ్వరు, అవి ఈ ఈక్విటీ రూపంలోనే తిరిగి రావాలి. ఇది చూసుకోకుండా కారు తీసుకెళ్లి డీలర్ దగ్గర పెట్టేసి సంతకం చేసి వస్తే, ఆ తేడా డీలరో ఫైనాన్స్ కంపెనీయో జేబులో వేసుకుంటుంది. థాంక్యూ కూడా చెప్పరు.

సరే, తేడా ఉందని తెలిసింది, బయట ఎవరో ఒకరికి అమ్మేద్దాం అంటే అక్కడ బ్రాండ్ అడ్డం వస్తుంది. 2021 నుంచి హోండా ఫైనాన్స్‌తో సహా చాలా కంపెనీలు తలుపులు మూసేశాయి, లీజు కారుని తమ బ్రాండ్ డీలర్ తప్ప ఇంకొకరు నేరుగా కొనడానికి వీల్లేదు. టయోటా షోరూమ్‌కి సీఆర్‌వీ తీసుకెళ్లి "దీన్ని తీసుకుని తేడా ఇవ్వండి" అంటే కుదరదన్నమాట. పోనీ మనమే కొని అమ్ముదామంటే టెక్సస్‌లో పన్ను. బయౌట్ 22 వేలు, బయట ధర 24,500 అనుకోండి. తేడా 2,500. మీ పేరు మీద కొనగానే 6.25 శాతం సేల్స్ టాక్స్, అంటే 1,375 పోయింది. టైటిల్ (యాజమాన్య పత్రం) ఖర్చులూ డీలర్ ఫీజులూ తీసేస్తే మిగిలేది వెయ్యి లోపే, దానికోసం రెండు వారాలు కాగితాల చుట్టూ తిరగాలి.

కాబట్టి పాత బ్రాండ్‌లోనే ఉండిపోవడానికి ఉన్న అసలైన కారణం ఇదే. డిస్పొజిషన్ ఫీజు (లీజు కారు తిరిగి ఇచ్చేటప్పుడు కట్టించుకునేది) మాఫీ అని డీలర్ గొప్పగా చెబుతాడు గానీ అది మామూలుగా 350 నుంచి 500 డాలర్ల లోపు. లాయల్టీ క్యాష్ అని ఇంకో ఐదొందలో వెయ్యో ఇస్తారు. ఒక్కోసారి చివరి రెండు మూడు నెలల వాయిదాలు మేమే కట్టేస్తాం, ముందే వచ్చి కొత్తది తీసుకోండి అంటారు. మంచిదే. కానీ అవతలి కంపెనీ కూడా ఊరుకోదు, "మీ దగ్గర హోండా ఉందా, అయితే మా దగ్గరకి రండి" అని కాంక్వెస్ట్ క్యాష్ పెడుతుంది. చాలాసార్లు రెండూ చెల్లుకి చెల్లు. ఫీజు మాఫీ కోసం మూడేళ్లకి సంతకం పెట్టడమంటే ఉచితంగా వచ్చిన తాడు కోసం గేదెని కొన్నట్టే.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. హోండా డీలర్‌కి మీ కారు అమ్మాలంటే హోండా కొనాల్సిన పని లేదు. మళ్లీ మళ్లీ చెబుతున్నాను, ఇవి రెండు వేరువేరు బేరాలు. నేను చేసింది అదే. ముందు ఫైనాన్స్ కంపెనీ యాప్‌లో పేఆఫ్, అంటే లీజు తీర్చేసి కారు సొంతం చేసుకోవడానికి కట్టాల్సిన మొత్తం, చూసుకున్నాను. డీలర్‌కి ఇచ్చే పేఆఫ్, మనకి ఇచ్చే పేఆఫ్ ఒక్కోసారి వేరుగా ఉంటాయి, ఫోన్ చేసి రెండూ అడగాలి. తర్వాత మూడు నాలుగు హోండా డీలర్లకి కారు ఫోటోలూ మైళ్లూ పంపి "నాకు కొత్త కారు వద్దు, దీనికెంత ఇస్తారు?" అని రాశాను. ఒకడు జవాబే ఇవ్వలేదు. ఇంకొకడు కొత్తది తీసుకుంటేనే అన్నాడు. మూడోవాడు యూజ్డ్ కార్లు చూసే మేనేజర్, వెంటనే ధర చెప్పి చెక్కు ఇచ్చాడు. ఆ డబ్బుతో ఎక్కడికైనా వెళ్లొచ్చు.

కారు చూడ్డానికి వచ్చినాయన గురించి చెప్పాలి. టైర్ల గాడి లోతు కొలిచాడు (చాలా ఒప్పందాల్లో అంగుళంలో ఎనిమిదో వంతు ఉండాలని ఉంటుంది), జేబులోంచి ప్లాస్టిక్ కార్డు తీసి వెనక బంపర్ మీద గీతకి ఆనించి చూశాడు, కార్డు కంటే చిన్నదైతే సాధారణంగా వదిలేస్తారు. తర్వాత బానెట్ దగ్గర ఆగిపోయాడు. హనుమాన్ గుడిలో పూజ చేయించినప్పుడు పెట్టిన పసుపు స్వస్తిక్, మూడేళ్లు టెక్సస్ ఎండకి మగ్గి పెయింట్‌లో లేత నీడలా దిగిపోయింది. ఇదేంటని అడిగాడు, చెప్పాను, కాసేపు చూసి ఏమీ రాసుకోలేదు. వెనక సీటు మీద సాంబారు మరక మాత్రం రాసుకున్నాడు. వడగళ్ల గుంటలుంటే వాటినీ రాస్తారు, కాబట్టి వసంతంలో కొట్టిన వాన తాలూకు క్లెయిమ్ ఏదైనా మిగిలి ఉంటే కారు ఇచ్చేముందే బాగు చేయించుకోండి.

ఇప్పుడు మారితే ఎటు మారాలన్న సంగతి. సీఆర్‌వీ నుంచి టయోటా రావ్4కి మారడాన్ని నేను మార్పు కింద లెక్కవేయను. 2026 మోడల్ నుంచి రావ్4 పూర్తిగా హైబ్రిడే, మామూలు పెట్రోల్‌ది లేదు, మైలేజీ బావుంటుంది. కానీ గిరాకీ ఉన్న బండి కాబట్టి బేరం పెద్దగా నడవదు. టయోటా ఉత్తర అమెరికా హెడ్ ఆఫీసు మన ప్లేనోలోనే ఉంది కదా అని తగ్గింపేమీ రాదు. నెలకి పదో పరకో తేడా కోసమైతే మారడం దండగ, సీట్లు నచ్చితేనో ఇంట్లో ఆవిడకి నచ్చితేనో మారండి. అమ్మానాన్నలు ఆరు నెలలకి వస్తున్నారు, మూడో వరస కావాలి అంటే చర్చే లేదు, సియెన్నానో ఒడిస్సీనో చూసుకోండి, అక్కడ బ్రాండ్ కంటే ముందు ఏది దొరికితే అది.

నా మొగ్గు ఎలక్ట్రిక్ వైపు, అదీ లీజులో మాత్రమే. ఎందుకంటే వాటి విలువ ఎప్పుడు ఎంత పడుతుందో ఎవరికీ అంతు పట్టట్లేదు. 2023 జనవరిలో టెస్లా ఒక్కసారిగా కొన్ని మోడళ్ల ధరలు 20 శాతం దాకా తగ్గించింది, ముందు నెల కొన్నవాళ్లు లబోదిబోమన్నారు. 2024లో కార్లు అద్దెకిచ్చే హెర్ట్జ్ 20 వేల ఎలక్ట్రిక్ కార్లు అమ్మకానికి పెట్టి 24 కోట్ల డాలర్లకి పైగా నష్టం రాసుకుంది. 2025 సెప్టెంబర్ 30తో ఎలక్ట్రిక్ కార్లకిచ్చే 7,500 డాలర్ల ఫెడరల్ పన్ను రాయితీ పోయింది, ఆ మర్నాడే హ్యుందాయ్ 2026 అయోనిక్ 5 ధరల్ని 9,800 డాలర్ల దాకా తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. అప్పటికే కొనుక్కున్నవాడి కారు విలువ ఇంట్లో నిలబెట్టి ఉండగానే పడిపోతుంది. లీజువాడికి ఆ టెన్షన్ లేదు, పడిన విలువ ఫైనాన్స్ కంపెనీది. హోండా, టయోటాలలో ఈక్విటీ మిగిలే అవకాశం ఉంది, ఎలక్ట్రిక్‌లో నష్టం ఇంకొకడి నెత్తిన వేసే అవకాశం ఉంది. నేను ఆ లెక్కతోనే అయోనిక్ 5 తెచ్చుకున్నాను.

అపార్ట్‌మెంట్‌లో ఉండి చార్జింగ్ లేనివాళ్లు దీని జోలికి రావొద్దు, సూపర్‌చార్జర్ దగ్గర వారాంతాలు గడపడం ఒక బతుకా? టెక్సస్‌లో ఎలక్ట్రిక్ కారుకి రిజిస్ట్రేషన్ మీద ఏడాదికి 200 డాలర్లు అదనం, కొత్త కారుకి రెండేళ్లవి కలిపి 400 మొదట్లోనే కట్టించుకుంటారు. ఇన్సూరెన్స్ కూడా ఎక్కువే అడగొచ్చు, సంతకానికి ముందే కోట్ తెప్పించుకోండి. టెస్లా అయితే ఇంకో సంగతి, కొన్నేళ్లపాటు లీజు చివర కారు కొనుక్కునే వీలే ఇవ్వలేదు, 2024 చివర్లో మళ్లీ మొదలుపెట్టింది. మీ ఒప్పందంలో బయౌట్ ఉందో లేదో చదివి మరీ సంతకం పెట్టండి.

ఉన్న కారునే కొనేసుకుంటే? టెక్సస్‌లో లీజు మొదట్లోనే కారు పూర్తి ధర మీద 6.25 శాతం పన్ను మన లెక్కలో కలిపేస్తారు, బయౌట్ అప్పుడు మళ్లీ అదే శాతం కట్టాలి, ఒకే కారుకి రెండుసార్లు. నాకు అది మింగుడుపడదు. మైళ్లు బాగా దాటేసినవాళ్లు మాత్రం ఇది ఆలోచించొచ్చు, 6 వేల మైళ్లు దాటితే మైలుకి 20 సెంట్ల చొప్పున 1,200 డాలర్లు, కొనేస్తే ఆ బిల్లు రాదు. న్యూజెర్సీలో లెక్క వేరు, అక్కడ 6.625 శాతాన్ని సాధారణంగా లీజు చెల్లింపుల మీదే వేస్తారు కాబట్టి బయౌట్ అంత నొప్పి అనిపించదు.

హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి మాత్రం పై లెక్కలన్నిటికంటే ముందు చూడాల్సింది ఒకటుంది. ఉద్యోగం పోతే చేతిలో ఉండేది మహా అయితే 60 రోజులు, లీజు మధ్యలో తెంచుకుంటే పడే బిల్లు మామూలుగా ఉండదు. లీజుని ఇంకొకరికి బదలాయించడానికి కొన్ని కంపెనీలు ఒప్పుకుంటాయి, కొన్ని ససేమిరా అంటాయి, ఒప్పుకున్నా కొందరు అసలు బాధ్యత మీ మీదే ఉంచుతారు. మారే కంపెనీ ఈ విషయంలో ఏమంటుందో రాతపూర్వకంగా తెప్పించుకోండి. వీసా రెన్యువల్ నడుస్తున్నవాళ్లకి నెలకి ముప్ఫై డాలర్లు ఎక్కువైనా బదలాయింపు ఒప్పుకునే బ్రాండే మేలు.

ఏదీ తేలకపోతే నెలనెలా పొడిగించుకోవచ్చు, చాలా కంపెనీలు ఆరు నెలల దాకా ఒప్పుకుంటాయి. సుబారు, మాజ్డా గురించి కూడా అడుగుతున్నారు, నడిపితే బావుంటాయి, లీజు ఆఫర్ బావుంటే తీసుకోండి, ప్రత్యేకంగా చెప్పడానికేం లేదు.

ఎటు మారినా, కారు ఇచ్చే రోజు అద్దం మీది టోల్ ట్యాగ్ పీకేసి, టోల్ ఖాతాలోంచి ఆ ప్లేటు నంబరు తీసేయండి. మీ ఫోన్ జాబితా, ఇంటి గ్యారేజీ తలుపు బటన్ కారులోంచి చెరిపేయండి. మైళ్ల అంకె కనిపించేలా ఫోటో తీసుకుని, కారు తీసుకున్నట్టు రసీదు మీద డీలర్ సంతకం చేయించుకునే బయటికి రండి. ఆఖరి బిల్లు ఒకటి రెండు నెలల తర్వాత వస్తుంది, అప్పుడు కావాల్సింది ఆ కాగితమే.