ట్రాక్టర్ ఆయిల్ జాగ్రత్త: "అన్నిటికీ ఇదొక్కటే చాలు" అని బకెట్లు అంటగడుతున్నారు

షాపువాళ్లు సొంత పేరు అచ్చేయించుకుని అమ్మే 20 లీటర్ల బకెట్ ఆయిల్ బండిలో పోయకండి. దమ్ములకు ముందు అందరూ ఆయిల్ మారుస్తారు కాబట్టి ఉన్నపళంగా రాస్తున్నా. ఏ షాపో మన చుట్టుపక్కల వాళ్లకు చెప్పక్కర్లేదు.

50 హెచ్‌పీ, మూడు సిలిండర్లు, ఆయిల్ బ్రేకుల బండి నాది. ఇంజిన్‌లోకి 7 లీటర్లు, వెనక గేర్లు, హైడ్రాలిక్, బ్రేకులు అన్నిటికీ కలిపి 45 లీటర్లు పడుతుంది. "ముందుకీ వెనక్కీ ఇదే అన్నా, అన్నిటికీ ఇదొక్కటే చాలు" అని షాపువాడు మూడు బకెట్లు ఎక్కించాడు. కంపెనీ ఆయిల్ కంటే ఆరు వేలు తక్కువ.

సరిగ్గా 90 గంటలు నడిచింది. ఇంజిన్ బాగా వేడెక్కాక స్లోలో పెడితే ఆయిల్ ప్రెజర్ లైటు మిణుకుమిణుకుమంటోంది, రేస్ ఇస్తే ఆరిపోతోంది. సంప్ (ఇంజిన్ కింది ఆయిల్ తొట్టి) నట్టు విప్పితే 20డబ్ల్యూ-50 (చిక్కటి గ్రేడు) అని రాసున్న ఆయిల్ కిరసనాయిల్లా జారిపోయింది. డీజిల్ కలిసిందేమోనని చూస్తే డిప్‌స్టిక్ మీద మట్టం పెరగలేదు, వాసనా లేదు. ఫిల్టర్ కోస్తే మడతల నిండా తారు లాంటి నల్ల జిగురు. సంప్ దించి చూస్తే బిగ్‌ఎండ్ మెటల్స్ (క్రాంక్ మీద తిరిగే కనెక్టింగ్ రాడ్ బేరింగులు) మీద బూడిదరంగు పూత అరిగిపోయి ఎర్రగా రాగి కనబడుతోంది.

వేడిలోనూ చిక్కదనం నిలవడానికి ఆయిల్‌లో పాలిమర్ కలుపుతారు. నాసిరకంది గేర్ల మధ్య, బేరింగుల మధ్య నలిగి తెగిపోతుంది, ఆయిల్ పలచబడుతుంది. మసిని విడివిడిగా ఉంచే మందు తక్కువైతే అది ముద్దకట్టి ఫిల్టర్‌ని మూసేస్తుంది. అప్పుడు బైపాస్ వాల్వు తెరుచుకుని, వడపోత లేని ఆయిల్ నేరుగా మెటల్స్ మీదికి పోతుంది. లైటు వెలిగేసరికే నష్టం జరిగిపోయి ఉంటుంది.

వెనక భాగం ఇంకా ఘోరం. ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకు ప్లేట్లకు రాపిడిని అదుపు చేసే మందున్న యూటీటీవో ఆయిల్ కావాలి, దాన్నే వెట్ బ్రేక్ ఆయిల్ అంటారు. మామూలు ఇంజిన్ ఆయిల్ పోస్తే ప్లేట్లు పట్టీ వదిలీ గుర్రుమని అరుస్తాయి, తర్వాత కాలి నున్నబడతాయి. దమ్ములో యాక్సిల్ సీళ్ల గుండా నీళ్లు చేరితే ఈ ఆయిల్ మజ్జిగలా తెల్లబడింది, లిఫ్ట్ ఎగిరెగిరి పడింది. ప్లేట్లు మార్చాలంటే వెనక చక్రాలు, యాక్సిల్ హౌసింగ్ మొత్తం విప్పాల్సిందే. క్రాంక్ గ్రైండింగ్‌తో కలిపి ఖర్చు 60 వేలు దాటింది.

బకెట్ తీసుకెళ్లి అడిగితే వాడు కుర్చీలోంచి లేవలేదు. బకెట్‌ని కాలితో తిప్పాడు. ముందు వైపు పెద్ద ట్రాక్టర్ బొమ్మ, "ట్రాక్టర్ స్పెషల్". వెనక చీమ తలకాయంత అక్షరాల్లో "ఏపీఐ ఎస్ఎఫ్/సీసీ". ఏపీఐ అంటే ఆయిల్ గ్రేడ్లు నిర్ణయించే అమెరికా సంస్థ. "రాసే ఉంది కదా, చదువుకుని కొనాలి. తక్కువ రేటుది కావాలన్నది నువ్వే" అన్నాడు, పక్కన నలుగురు వింటుండగా. అమ్మినప్పుడు "అన్నా" అన్న నోరే అది. ఎస్ అంటే పెట్రోల్ బండ్ల వర్గం. సీసీ డీజిల్ గ్రేడే కానీ, 1990 తర్వాత తయారైన చాలా డీజిల్ ఇంజిన్లకు పనికిరాదని ఏపీఐ వాళ్లే చెబుతారు. వాడికి ఇది తెలుసు. తెలిసే అమ్మాడు. ఆ అక్షరాలు చదవకుండా తెచ్చుకోవడం నా తప్పు, ఒప్పుకుంటున్నా. బిల్లు అడిగితే తెల్ల చీటీ ఇచ్చాడు, అదీ పుచ్చుకున్నాను.

కొనేముందు బకెట్ తిప్పండి. ఇంజిన్‌కి 15డబ్ల్యూ-40 చిక్కదనం, ఏపీఐ డీజిల్ గ్రేడు సీహెచ్-4 లేదా సీఐ-4, మీ బండి పుస్తకంలో ఏదుంటే అది. వెనక్కి మీ ట్రాక్టర్ కంపెనీ చెప్పిన నంబరు రాసున్న వెట్ బ్రేక్ ఆయిలే. జీఎస్టీ బిల్లు లేకుండా తీసుకోవద్దు, బిల్లుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు.

ఇప్పటికే పోసేసినవాళ్లు పైన మంచి ఆయిల్ కలిపి సరిపెట్టుకోకండి. అరగంట బండి తిప్పి, లిఫ్ట్ చేతులు పూర్తిగా కిందికి దించి (లేకపోతే సిలిండర్లో పాతది మిగిలిపోతుంది), వేడి మీదే మొత్తం దించేయండి. ఫిల్టర్లు రెండూ మార్చి, హైడ్రాలిక్ జాలీ డీజిల్‌తో కడగండి. దించిన ఆయిల్ ఒక పావు లీటరు సీసాలో మూతపెట్టి దాచండి, ఫిర్యాదుకి సాక్ష్యంగా పనికొస్తుంది.