విశాఖలో పేవర్ బ్లాకులు వేయిస్తున్నారా? కింద ఏం పోస్తున్నారో చూశాకే డబ్బులివ్వండి

మాది మధురవాడ వైపు, కొండ దిగువన ఇల్లు. వెనక నాలుగు కుర్చీలు వేసుకుని కూర్చునేలా పాటియో కావాలని మే నెలలో ఒక కాంట్రాక్టర్‌కి పని ఇచ్చాం. ఆయన పేరు ఇక్కడ రాయను, చేసిన పని మాత్రం రాస్తాను.

కొటేషన్‌లో ‘బేస్‌తో సహా చదరపు అడుగుకి ఇంత’ అని ఒక్క లైను. ఏ కంకర, ఎంత మందం అని అడిగితే "అదంతా మేం చూసుకుంటాం మేడమ్" అన్నారు. బ్లాకులు ఐఎస్ 15658 అనే భారతీయ ప్రమాణం ప్రకారం చేసినవని మాత్రం గొప్పగా చెప్పారు. అయ్యుండొచ్చు. కానీ ఆ ప్రమాణం బ్లాకుకి, దాని కింద నేలకి కాదు కదా!

జులైలో గట్టి వానలు పడేసరికి గోడ పక్క వరసలు కుంగాయి. బ్లాకు మీద కాలు పెడితే సందుల్లోంచి బూడిదరంగు నీళ్లు చివ్వున చిమ్మేవి. పైన పడ్డ నీళ్లన్నీ ఇంటి వైపే వచ్చి నిలబడి, వంటింటి గోడకి లోపల చెమ్మెక్కింది. ఫోన్ చేస్తే "వానాకాలం కదండీ, కొంచెం సెటిల్ అవుతాయి, కామనే" అన్నారు. ఆ తర్వాత ఎత్తడమే మానేశారు.

వేరే మేస్త్రిని పిలిచి బ్లాకులు తీయించాం. ఆయన చేత్తోనే తవ్వి చూపించాడు. "ఏటమ్మా ఇది, కంకరన్నదే లేదు, అంతా బూడిదే." రెండంగుళాల క్రషర్ డస్ట్ (కంకర కొట్టేటప్పుడు మిగిలే రాతి పొడి), తడిసి ముద్దయిపోయి ఉంది. దాని కింద వదులు ఎర్రమట్టి, అందులో ఇటుక ముక్కలు, ఒక చిరిగిన సిమెంటు బస్తా. అంతే, మనం డబ్బులిచ్చిన ‘బేస్’.

మన దగ్గర ఈ మోసం ఎందుకు సాగుతుందంటే, ఎండాకాలంలో ఎర్రమట్టి గునపం దిగనంత గట్టిగా ఉంటుంది. "నేల రాయిలా ఉంది, ఇంకేం అక్కర్లేదు" అంటే నిజమే అనిపిస్తుంది. తడిస్తే అదే మట్టి జారిపోతుంది. కొండవాలు స్థలాల్లో ఇంకో తిరకాసు ఉంది. ఒక పక్క తవ్విన మట్టిని రెండో పక్క పోసి చదును చేస్తారు. తవ్విన పక్క కదలదు, పోసిన పక్క కుంగుతుంది. మా పాటియో సరిగ్గా ఆ రెండూ కలిసే గీత దగ్గరే విరిగినట్టు వంగింది.

నడవడానికి, కూర్చోవడానికి అయినా ఎనిమిది నుంచి పది అంగుళాలు తవ్వాలి. గుంత అడుగున ఉన్న మట్టిని దిమ్మిస కొట్టి, దాని మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిస్తే మట్టి కంకరలోకి ఊరదు. తర్వాత నాలుగు నుంచి ఆరు అంగుళాల కంకర, ఒకేసారి కాకుండా మూడేసి అంగుళాల చొప్పున పోసి ప్లేట్ కాంపాక్టర్‌తో తొక్కించాలి. దాని మీద అంగుళం, మహా అయితే అంగుళంన్నర కడిగిన ముతక ఇసుక. డస్ట్ వద్దు, అందులో పొడి ఎక్కువ, నీళ్లు పట్టుకుంటుంది. బీచ్ ఇసుక అసలే వద్దు, ఉప్పు తేలి బ్లాకుల మీద తెల్లగా పూస్తుంది. అంచుల్లో సిమెంటు కట్టు లేకపోతే బ్లాకులు పక్కకి జరుగుతాయి.

వాటం విషయంలో మొహమాటపడకండి. పది అడుగులకి రెండంగుళాలు, ఇంటికి దూరంగా. పైన బ్లాకులకి ఇస్తే చాలదు, అడుగు మట్టికే ఇవ్వాలి, సందుల్లోంచి దిగే నీళ్లు ఉంటాయి కాబట్టి. మట్టి నీళ్లు తాగని చోట ఎంత మంచి కంకర పోసినా దారి లేకపోతే అది నీళ్ల తొట్టే. పల్లపు అంచున చిల్లుల పైపు వేసి కాలవకి కలపాలి.

బేస్‌లో ఏం వేస్తారో పొరపొరగా, అంగుళాలతో సహా కొటేషన్‌లో రాయించండి. బ్లాకులు పరిచే ముందు టేపు పెట్టి ఫొటోలు తీయండి, ఒక బకెట్ నీళ్లు పోసి ఎటు పోతున్నాయో చూడండి. కప్పేశాక ఎవరూ చూడలేరు, వాళ్ల ధైర్యమంతా అదే. చివరి వాయిదా డబ్బులు అక్టోబరు, నవంబరు వానలు గడిచేదాకా ఆపుకోండి. నైరుతితో మన వానలు అయిపోవు; 2014లో హుద్‌హుద్ తుపాను తాకింది అక్టోబరు 12న.

మా బ్లాకులు చాలావరకు బాగానే ఉన్నాయి, కడిగి గోడ పక్కన పేర్చాం. వానలు తగ్గాక కింద మొత్తం తవ్వించి మళ్లీ అవే పరిపిస్తాం.