మిన్నెసోటా చలిలో షటిల్ బ్యాట్లకి థర్మల్ బ్యాగ్: రెండు వింటర్లు వాడాక నా రివ్యూ

బ్యాగ్ కొన్న వారానికే రాసే రివ్యూల్లో జేబులెన్ని, రంగు ఎలా ఉంది అనేదే ఉంటుంది. నాకు కావాల్సింది అది కాదు, బయట మైనస్ పది ఫారెన్‌హీట్ ఉన్న రోజు ఆ జిప్ తీస్తే లోపల బ్యాట్ పరిస్థితి ఏంటి అని. అందుకే రెండు వింటర్లు పూర్తిగా వాడేదాకా ఆగి రాస్తున్నా. మేం ఉండేది మినియాపోలిస్ పక్కన, నవంబర్ నుంచి మార్చి దాకా వారానికి మూడు రోజులు ఇండోర్‌లో డబుల్స్ ఆడతాం, అందరూ ఆఫీసు నుంచి డైరెక్ట్‌గా వచ్చేవాళ్ళే, అంటే బ్యాట్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కారు డిక్కీలోనే. ఇక్కడి చలి తెలియనివాళ్ళకి ఒక్క లెక్క చెప్తా, 2019 జనవరి 30న మినియాపోలిస్‌లో మైనస్ 28 ఫారెన్‌హీట్ పడింది, మన లెక్కలో మైనస్ 33 సెల్సియస్. ప్రతి ఏడూ అంత ఉండదు కానీ సున్నా ఫారెన్‌హీట్, అంటే మైనస్ 18, ఇక్కడ జనవరి రాత్రికి పెద్ద వింతేం కాదు.

ముందు అసలు ఎందుకు కొన్నానో చెప్తా. అంతకు ముందు నా దగ్గర ఉన్నది బ్యాట్‌తో పాటు వచ్చిన పల్చటి గుడ్డ కవరు. ఒక శుక్రవారం ఆట అయ్యాక కవరు డిక్కీలోనే వదిలేసి పడుకున్నా, శనివారం పొద్దున ఆరింటికి స్లాట్. కోర్టులోకి వెళ్ళి బ్యాట్ తీస్తే ఫ్రేము చేతికి ఐసు ముక్కలా తగిలింది, రెండు నిమిషాల్లో స్ట్రింగ్స్ మీద సన్నగా పొగమంచు లాంటి తడి పట్టింది, గ్రిప్ కూడా జిగటగా తడిగా అయింది. టవల్‌తో తుడిచి, టైం లేదు కదా అని వార్మప్ కూడా సరిగ్గా చెయ్యకుండా మూడో నాలుగో క్లియర్ (షటిల్ కాక్‌ని ఎత్తుగా వెనక లైను దాకా పంపే దెబ్బ) కొట్టా, టప్‌మని సౌండ్, గట్టింగ్, అంటే బ్యాట్‌కి అల్లిన దారం, తెగింది. అది కూడా నడి మధ్యలో కాదు, పైన ఫ్రేము దగ్గర. గట్టింగ్ వేయించి అప్పటికి పది రోజులు కూడా కాలేదు.

మాకు గట్టింగ్ వేసేది నల్గొండ నుంచి వచ్చిన ఒక అన్న, ఇంట్లో బేస్‌మెంట్‌లో మెషీన్ పెట్టుకున్నాడు. బ్యాట్ చేతిలోకి తీసుకుని చూసి అడిగిన మొదటి మాటే, "రాత్రి కార్ల పెట్టినవా తమ్మీ దీన్ని?" అని. అవునన్నా. "సలికి దారం గట్టిపడ్తది, గ్రామెట్ గిట్ల గట్టిపడ్తది, అట్లున్నప్పుడు ఎమ్మటే జోరుగ కొడితె తెగకుంట ఏమైతది" అన్నాడు. తెగిన చోట ప్లాస్టిక్ గ్రామెట్, అంటే ఫ్రేము రంధ్రంలో దారం దూరే చిన్న గొట్టం, వేలితో చూపించాడు, అంచు దగ్గర వెంట్రుక మందం చీలిక. దారం ఆ చీలిక అంచుకి రాసుకుంటోంది. అది మార్చకుండా కొత్త గట్టింగ్ వేస్తే మళ్ళీ అక్కడే తెగుద్ది. ఇంకో మాట కూడా చెప్పాడు, అందరికీ పనికొచ్చేది: గట్టింగ్ తెగంగానే మిగతా దారాలన్నీ మధ్యలోంచి కత్తిరించెయ్యాలి, లేకపోతే ఒక పక్క లాగుడు ఉండి ఇంకో పక్క లేక ఫ్రేము వంకరపోయే ప్రమాదం ఉంది. నేను ఇంటికెళ్ళి కత్తిరిద్దాంలే అని వదిలేశా. ఆ రోజు అదృష్టం బాగుండి ఫ్రేముకేం కాలేదు.

నేను పెరిగింది విజయవాడలో, మే నెలలో బ్యాట్ కారులో వదిలితే గట్టింగ్ లూజ్ అయిపోద్దని తెలుసు కానీ చలికి కూడా దాన్ని కాపాడాలని ఎప్పుడూ తట్టలేదు. మా నాన్న బాల్ బ్యాడ్మింటన్ ఆడేవారు, ఆ పసుప్పచ్చ ఊలు బంతితో. వానాకాలంలో చెక్క బ్యాట్ వంకరపోకుండా రెండు చెక్క ఫ్రేముల మధ్య పెట్టి నాలుగు మూలలా చెవుల నట్లు బిగించేవారు, అదీ ఒకేసారి ఒక మూల కాదు, ఎదురెదురు మూలలు కొంచెం కొంచెం. కార్బన్ బ్యాట్లు వచ్చాక ఆ జాగ్రత్తలన్నీ పోయాయి అనుకున్నా. నిజానికి కార్బన్ ఫ్రేము చలికి పెద్దగా కుంచించుకుపోదు, చలి పడినంత మాత్రాన పగలదు. దెబ్బ తినేది మిగతావి, నైలాన్ స్ట్రింగ్, గ్రామెట్లు, హ్యాండిల్ మీద చుట్టే పీయూ ప్లాస్టిక్ గ్రిప్, హ్యాండిల్ లోపల చెక్క, ఇంకా అన్నిటికంటే ముందు ఈకల కాక్‌లు.

సరే, బ్యాగ్. ఆరు బ్యాట్ల సైజు, రెండు పెద్ద అరలు, అందులో ఒక అరకి మాత్రమే లోపల వెండి రంగు ఫాయిల్, దాని వెనక సన్నటి ఫోం. సేల్‌లో తొంభై డాలర్లు పెట్టా. బ్రాండ్ పేరు కావాలనే రాయట్లేదు, ఎందుకంటే యోనెక్స్, లీ-నింగ్, విక్టర్ అందరి దగ్గరా ఇలాంటి లైనింగ్ ఉన్న బ్యాగులున్నాయి, నేను చెప్పబోయేది ముఖ్యంగా ఆ లైనింగ్ గురించి.

మా ఆవిడ వంటింట్లో వాడే డిజిటల్ థర్మామీటర్ అడిగి తీసుకుని, దాని పుల్ల బ్యాగ్ లోపలికి పెట్టి వైరు జిప్ సందులోంచి బయటికి తీసి, గరాజ్ బయట కారు డిక్కీలో పెట్టి చూశా. ఇంట్లో 70 ఉంది, బయట 5 ఫారెన్‌హీట్. గుడ్డ కవరులో అరగంటకి పదిలోకి పడిపోయింది, అంటే కవరు ఉన్నా లేనట్టే. థర్మల్ అరలో రెండు బ్యాట్లు మాత్రమే పెడితే అరగంటకి ముప్ఫై దగ్గర ఉంది. అదే అరలో బ్యాట్ల చుట్టూ ఒక పొడి టవల్, రెండు టీషర్టులు, గోరువెచ్చటి నీళ్ళ బాటిల్ గట్టిగా మూత పెట్టి ఉంచితే అరగంటకి నలభై పైనే ఉంది, గంట దాటాక కూడా నీళ్ళు గడ్డకట్టే 32 కంటే కిందికి రాలేదు. పొద్దున ఎనిమిదింటికి పెట్టి సాయంత్రం ఐదింటికి చూస్తే ఏ ఏర్పాటైనా ఒకటే, బయట ఎంతుందో లోపలా అంతే.

ఇదే అసలు సంగతి. ఫాయిల్ వేడి పుట్టించదు, ఉన్న వేడిని కాసేపు పట్టి ఉంచుతుంది అంతే. బ్యాట్ బరువు ఎనభై ఐదు గ్రాములు, దాంట్లో దాచుకోడానికి వేడి ఏముంటుంది, అందుకే పక్కన బట్టలో నీళ్ళ బాటిలో ఏదైనా కాస్త బరువున్నది ఉంటే ఆ వేడి బ్యాట్లకి కాపలా కాస్తుంది. ఇంటి నుంచి కోర్టుకి నలభై నిమిషాల డ్రైవ్, మధ్యలో ఇండియన్ స్టోర్ దగ్గర ఆగి పాలు పెరుగు తీసుకోవడం, కోర్టు నుంచి ఇంటికి, వీటికి ఈ బ్యాగ్ బ్రహ్మాండంగా సరిపోద్ది. రోజంతా ఆఫీసు పార్కింగ్‌లో ఉండటానికి మాత్రం సరిపోదు, ఏ బ్యాగూ సరిపోదు. మొదటి వింటర్ నేను చేసిన తప్పు అదే, థర్మల్ అని రాసుంది కదా అని డిక్కీలో వదిలేసి వెళ్ళేవాణ్ణి. ఇప్పుడు బ్యాగ్ నాతో పాటు ఆఫీసు లోపలికి వస్తుంది, డెస్క్ కింద పడుకుంటుంది, మొదట్లో ఏంటిది అని అడిగారు, ఇప్పుడు అడగట్లేదు, పైగా ఇద్దరు ఆడటానికి కూడా వస్తున్నారు.

బ్యాట్ ఎప్పుడైనా చల్లబడిపోతే మాత్రం లోపలికి తెచ్చి వెంటనే జిప్ తియ్యకండి. మూసిన బ్యాగ్‌లోనే పావుగంట ఇరవై నిమిషాలు వదిలెయ్యండి, చల్లటి ఫ్రేము మీద హాల్లోని గాలి తగిలితేనే ఆ తడి పడుతుంది, బ్యాగ్‌లోనే నెమ్మదిగా వేడెక్కితే తడి పట్టదు. ఈలోపు మీరు కాళ్ళు చేతులు వార్మప్ చేసుకోండి, వాటికీ అవసరమే. అలాగని తొందరపడి కారు హీటర్ గాలి ముందు, ఇంట్లో ఫ్లోర్‌లో ఉండే హీటర్ జాలీ మీద పెట్టకండి. మా ఫ్రెండ్ ఒకడు వింటరంతా బ్యాట్లు ఆ జాలీ పక్కనే నిలబెట్టాడు, మార్చికి ఒక బ్యాట్ హ్యాండిల్ కింద మూత వదులై కదలడం మొదలైంది, లోపల చెక్క ఎండి ఉంటుంది. థర్మల్ అర బయటి వేడిని కూడా ఆపుతుంది కాబట్టి ఇంట్లో కూడా బ్యాట్లు అందులోనే ఉంచుతున్నా, గోడ వైపు, జాలీకి దూరంగా.

ఇప్పుడు కాక్‌లు. నాకు డబ్బులు ఎక్కువ పోయింది వీటి మీదే. ఇక్కడ వింటర్లో ఇంట్లో హీటర్ రోజంతా నడుస్తుంటే గాలి ఎంత పొడిగా ఉంటుందంటే పెదాలు పగులుతాయి, స్విచ్ ముట్టుకుంటే షాక్ కొడుతుంది. ఆ గాలిలో ఈకలు ఎండి పెళుసుగా అయిపోతాయి, ఒక గేముకి రెండు మూడు కాక్‌లు పోయేవి. ఒక్కో కాక్‌కి పదహారు ఈకలు, అందులో ఒక్క ఈక కాడ విరిగినా అది తిన్నగా పోదు. బ్యాగ్ దీనికేం చెయ్యలేదు, ఎందుకంటే ఇది చలి సమస్య కాదు, తేమ సమస్య. దీనికి పాత పద్ధతే, ముందు రోజు రాత్రి ట్యూబ్ రెండు మూతలూ తీసి, ఈకల వైపు కిందికి ఉండేలా, కార్క్ వైపు కాదు, కెటిల్ ఆవిరి మీద ఐదారు సెకన్లు పట్టుకుని వెంటనే మూతలు పెట్టెయ్యడం. మా ఇంట్లో ఐతే అన్నం కుక్కర్ ఆవిరి మీదే అయిపోద్ది. ఎక్కువసేపు పట్టకండి, ఈకలు మెత్తబడి బరువెక్కుతాయి. తెల్లారి బ్యాగ్‌లో పెట్టేటప్పుడు ఆ ట్యూబు కూడా ఫాయిల్ ఉన్న అరలోనే, బ్యాట్ల పక్కన. బ్యాగ్‌తో పాటు వచ్చిన తేమ పీల్చే చిన్న పొట్లాలు ఉంటాయి కదా, అవి తీసి షూస్ అరలో వెయ్యండి, కాక్‌ల దగ్గర ఉంచితే ఉన్న తేమ కూడా లాగేస్తాయి.

కాక్ స్పీడ్ కూడా మార్చుకోవాలి, అంటే ట్యూబ్ మీద 76, 77, 78 అని ఉండే నంబరు, నంబరు పెరిగే కొద్దీ కాక్ దూరం పోతుంది. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది, కాక్ తొందరగా ఆగిపోతుంది. విజయవాడ ఎండాకాలంలో 76 ఆడినవాళ్ళం, ఇక్కడ హాల్లో అరవై ఫారెన్‌హీట్ ఉన్న రోజున 77 వేస్తే వెనక లైను దాకా పోదు, క్లియర్ కొట్టి కొట్టి భుజం నొప్పి. 78 తెప్పించాక హాయిగా ఉంది. ప్లాస్టిక్ కాక్ ఆడే పిల్లలున్నవాళ్ళు యోనెక్స్ మావిస్ కొంటే కార్క్ మీద పట్టీ రంగు చూసుకోండి, ఆకుపచ్చ వేడి చోట్లకి, నీలం మధ్యరకం, ఎరుపు చలికి. ఎక్కువ మంది చూడకుండా ఏది దొరికితే అది తెస్తారు.

గట్టింగ్ విషయంలో అన్న చెప్పినట్టు డిసెంబర్‌లో దారం బిగింపు 27 పౌండ్ల నుంచి 25కి దించా, సన్న స్ట్రింగ్ మానేసి 0.70 మిల్లీమీటర్ల మందం ఉండే యోనెక్స్ బీజీ65 స్ట్రింగ్ వేయిస్తున్నా. ఆ టప్ సౌండు, ఆ షార్ప్ ఫీల్ కొంచెం తగ్గింది, నిజమే, కానీ పోయిన వింటరంతా రెండు బ్యాట్లకీ కలిపి ఒక్కటే తెగింది, అది కూడా ఫిబ్రవరి చివర్లో, మధ్యలో అరిగి తెగింది. అలా తెగితే బాధ లేదు.

బ్యాగ్‌లో నచ్చనివి కూడా ఉన్నాయి. జిప్ దగ్గర ఫాయిల్ లేదు, జిప్ మీద కప్పే పట్టీ కూడా లేదు, చలి లోపలికి వచ్చేది అక్కడినుంచే, నేను లోపలి వైపు ఒక పాత మఫ్లర్ జిప్ పొడుగునా పరుస్తున్నా. బయటి రెక్సిన్ రెండో వింటర్‌కి మడత దగ్గర బిగుసుకుపోయి చిన్న పగుళ్ళు వచ్చాయి, చలిలో వంచి డిక్కీలోకి తోసినప్పుడల్లా అదే చోట వంగుతుంది కదా. షూస్ అరకి లైనింగ్ లేదు, ఇది పెద్ద లోటు, ఎందుకంటే చలికి గమ్ సోల్ గట్టిపడి మొదటి పది నిమిషాలు కోర్టు మీద జారుతుంది, మోకాలికి ప్రమాదం. షూస్ విడిగా ముందు సీటు కింద పెట్టుకుని తెస్తున్నా, హీటర్ గాలి కొంచెం తగిలేలా. ఆట అయ్యాక చెమట బట్టలు మాత్రం పొరపాటున కూడా ఫాయిల్ అరలో వెయ్యకండి, ఆ తడి బయటికి పోదు, తెల్లారేసరికి గ్రిప్ వాసన వస్తుంది. రెండో అర ఉన్నదే దానికి.

ఐదుకి నాలుగు ఇస్తా. తగ్గించిన ఒక్కటీ ఆ జిప్‌కి, షూస్ అరకి. డాలస్, హూస్టన్ వైపు ఉన్నవాళ్ళకి, ఇంకా మన హైదరాబాద్, విజయవాడ వాళ్ళకి కూడా ఇది పనికొస్తుంది, కాకపోతే ఎండకి. మాలాంటి చలి చోట్ల, చికాగో, టొరంటో వైపు ఉన్నవాళ్ళు ఐతే మూడు బ్యాట్ల సైజు తీసుకోకండి, అందులో టవలూ బట్టలూ పట్టవు, ఒట్టి బ్యాట్లు ఒక్కటే ఉంటే లైనింగ్ ఉన్నా అరగంటలో చల్లబడతాయి. షాపులో కొనేటట్టైతే ఆ వెండి అరలో చెయ్యి మొత్తం పెట్టి అడుగు దాకా తడమండి, కొన్నిటికి పక్కల మాత్రమే ఫాయిల్ వేసి అడుగున ఒట్టి గుడ్డ వదిలేస్తారు, హ్యాండిళ్ళు ఆనేది అక్కడే.