డబ్బాలో ‘దాన్’ లేదు

మా అమ్మాయి నాలుగో తరగతి. ఇంగ్లిష్‌లో డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్ (టాల్, టాలర్, టాలెస్ట్ లాంటి పోలిక మాటలు) పరీక్షలో పదికి మూడు తెచ్చుకుంది. ‘మోర్ టాలర్’ అని ఒకచోట, ‘గుడ్, గుడర్, గుడెస్ట్’ అని ఇంకోచోట రాసింది. ఆ టెన్షన్‌లో హన్మకొండలో ఒక పుస్తకాల షాపుకెళ్లి ఈ ఫ్లాష్‌కార్డుల డబ్బా కొన్నాను. 299 రూపాయలు. మూడేసి చొప్పున ఇరవై జట్లు, మొత్తం 60 కార్డులు.

అట్ట గట్టిది. నాలుగు నెలలుగా పేకముక్కల్లా కలుపుతున్నా మూలలు చిరగలేదు. బొమ్మలకైతే వంక పెట్టలేం. గుడ్, బెటర్, బెస్ట్ కార్డుల మీద పిల్లలు గీసిన మూడు పిల్లులున్నాయి. ‘గుడ్’ పిల్లికి మీసాలు వంకర, ‘బెస్ట్’ పిల్లి మన వైపే చూస్తుంటుంది.

వారంలో అన్నీ కంఠతా వచ్చేశాయి. సరే, అన్నయ్య నీకంటే పొడుగని ఇంగ్లిష్‌లో చెప్పమ్మా అన్నాను. ‘అన్నయ్య మీ (me) టాలర్’ అంది!

పిల్ల తప్పేం లేదు. తెలుగులో పొడుగు ఎప్పుడూ పొడుగే, పనంతా ‘కంటే’ చూసుకుంటుంది. ఇంగ్లిష్‌లో మాటకు తోక తగిలించాలి, పక్కన ‘దాన్’ కూడా పెట్టాలి. డబ్బా మొత్తం వెతికినా ఏ కార్డు మీదా దాన్ లేదు. టాలెస్ట్ ముందు ‘ద’ కూడా లేదు. మోర్ బ్యూటిఫుల్ లాంటి పెద్ద మాటలు ఒకే ఒక్క జట్టు. ఏ మాటకు మోర్ వస్తుందో, దేనికి రాదో పిల్లలకెలా తెలుస్తుంది?

పాత క్యాలెండర్ అట్ట కత్తిరించి ‘దాన్’, ‘ద’ నేనే రాశాను. వంటింట్లో చక్కెర, పప్పు, బియ్యం డబ్బాలు వరసగా పెట్టి ఆడించాను. ‘బియ్యం డబ్బా ఈజ్ బిగ్గర్ దాన్ పప్పు డబ్బా’ దాకా వచ్చాం. మా అమ్మ కూడా ఆటలో కూర్చుంది. ఇంట్లో ఓల్డెస్ట్ ఎవరని మనవరాలు అడిగితే, “మీ తాత. నేను ఆయన కంటే యంగర్ బిడ్డా” అంది.

ఇంకో సంగతి, ‘బిగ్గర్’ కార్డు మీద ఒక్క జీ మాత్రమే అచ్చయింది. మార్చివ్వమంటే షాపాయన “చిన్న పిల్లలకేం తెలుస్తది సార్” అన్నాడు. రెండో జీ పెన్నుతో నేనే ఇరికించాను.

బొమ్మలకూ అట్టకూ కలిపి ఐదుకు మూడు స్టార్లు. పక్కన కూర్చుని ఆడించే తీరిక ఉంటేనే కొనండి.