సాలూరు ఘాటులో గాలి బ్రేకులు: ఏళ్ల తరబడి తోలాక నా మాట

విశాఖ నుంచి రాయ్‌పూర్ వైపు లోడుతో తిరిగే పది టైర్ల లారీ నాది. సాలూరు దాటితే సుంకి దాకా ఘాటే. ఎక్కేటప్పుడు ఇంజను సత్తా, దిగేటప్పుడు బ్రేకుల సత్తా తేలిపోతుంది. ఇన్నేళ్లు వాడాక గాలి బ్రేకులంటే నాకు గట్టి నమ్మకం. అయితే అవి ఎలా పనిచేస్తాయో తెలియకుండా ఘాటెక్కకూడదు.

గాలి పోతే బ్రేకు పోతుందని చాలామంది అనుకుంటారు. అది తప్పు. వెనక చక్రాల దగ్గర బ్రేకును నెట్టే డబ్బాలను బూస్టర్లంటాం. వాటిలో బలమైన స్ప్రింగు ఉంటుంది, దాన్ని అణచిపెట్టి ఉంచేదే గాలి. ట్యాంకులు ఖాళీ అయితే స్ప్రింగు సాగి చక్రాలను పట్టేస్తుంది. అందుకే పొద్దున ఇంజను స్టార్ట్ చేశాక గాలి నిండేదాకా బండి కదలదు. నా బండిలో గాలి ఒత్తిడి ఎనిమిది కేజీల దగ్గరకొస్తే డ్రైయర్, అంటే గాలిలోని తేమను తీసే డబ్బా, ఫుస్సుమంటుంది, అప్పుడే బయల్దేరతాను. ముందు బ్రేకులకూ వెనక బ్రేకులకూ గాలి దారులు వేరు కాబట్టి మీటర్లో ముళ్లూ రెండు. ఒక పైపు తెగినా రెండో వైపు మిగులుతుంది. ఇంత ముందుచూపుతో చేసిన ఏర్పాటు లారీలో మరొకటి లేదు.

అసలు గండం మీటరు నిండుగా చూపిస్తున్నప్పుడే వస్తుంది. దిగుడంతా పెడల్ మీద కాలు ఉంచితే చక్రంతో పాటు తిరిగే డ్రమ్ము కాగి వ్యాకోచిస్తుంది, దాన్ని ఒరుసుకుని ఆపే లైనింగు పట్టు జారుతుంది. బూస్టరు రాడ్డు రాగలిగినంత దూరం వచ్చి ఆగిపోతుంది. గాలి ఉంటుంది, బ్రేకు ఉండదు. హ్యాండ్ బ్రేకు లాగినా స్ప్రింగు పట్టుకోవాల్సింది ఆ కాగిన డ్రమ్మునే కదా! అందుకే దిగుడు మొదలవకముందే గేరు తగ్గించి, ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజను పొగదారిని మూసి బండిని నెమ్మదింపజేసేది) వేస్తాను. వేగం పెరిగితే ఒకసారి గట్టిగా నొక్కి, తగ్గగానే పూర్తిగా వదిలేస్తాను.

డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగే కుర్రాళ్లను చూస్తే గుండె దడదడలాడుతుంది. బాబూ, ఇప్పటి కామన్‌రైల్ ఇంజన్లు (డీజిల్‌ను కంప్యూటరు అదుపు చేసేవి) గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే డీజిల్ ఆపేస్తాయి. న్యూట్రల్‌లోనే ఐడిలింగుకి డీజిల్ తాగుతాయి.

చిన్న బండ్లు తోలి వచ్చినవాళ్లకు పెడల్ నొక్కాక బ్రేకు ఒక లిప్త ఆలస్యంగా పడినట్టనిపిస్తుంది. గాలి వెనక దాకా వెళ్లాలి మరి. ముందు బండికి దూరం ఎక్కువ ఉంచితే చాలు.

ఖర్చుకు వెనకాడకూడనిది డ్రైయర్ కార్ట్రిడ్జి దగ్గర. ట్యాంకు కింది వాల్వు లాగితే నీళ్లొస్తున్నాయంటే దాని పని అయిపోయినట్టే. నూనె వస్తే కంప్రెసర్ చూపించాలి. లైనింగు అరిగేకొద్దీ బ్రేకు వదులును తమంతట తామే సరిచేసే ఆటో స్లాక్ అడ్జస్టర్లను ఊరికే స్పానరుతో తిప్పించకండి. మాటిమాటికీ వదులవుతోందంటే అడ్జస్టరో, దాని చుట్టూ ఉన్న భాగాలో చెడ్డట్టు. కారణం వెతికించాలి.

దారిలో గాలి పోయి బండి పట్టేస్తే మొదట చక్రాలకు అడ్డు పెట్టండి. స్ప్రింగు బూస్టరు క్లాంపు మాత్రం మీరే విప్పకండి. లోపలి స్ప్రింగు ఎగిరితే మనిషి ప్రాణం తీస్తుంది.