పన్నెండొందలు పెట్టి చెక్ చేయించాను, మునిగిన కారు తప్పింది

విజయవాడ, గుంటూరు వైపు ఓనర్ దగ్గర నేరుగా సెకండ్ హ్యాండ్ కారు కొందామనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కొనేముందు బండి దగ్గరికే వచ్చి చెక్ చేసిపెట్టే మెకానిక్ సర్వీసు గురించి. ఆటోనగర్‌లో చాలా ఏళ్లుగా షెడ్ నడుపుతున్న ఆయన ఇప్పుడు ఈ పని కూడా చేస్తున్నారు. కారు ఎక్కడుంటే అక్కడికి వస్తారు, గంటన్నర చూస్తారు, కొనొచ్చో వద్దో నాన్చకుండా చెప్పేస్తారు. సిటీలో 1,200, గుంటూరు రమ్మంటే 1,800 తీసుకున్నారు. నేను రెండు కార్లకి పిలిచాను. 5కి 4 ఇస్తాను, ఒకటి ఎందుకు తగ్గించానో కింద చెప్తాను.

మొదటి కారు 2019 మోడల్ పెట్రోల్, సింగిల్ ఓనర్, ఏపీ 39 నంబరు, 36 వేల కిలోమీటర్లు. అడిగింది 4 లక్షల 10 వేలు. అదే మోడల్ బయట నాలుగు డెబ్బైకి తక్కువ దొరకడం లేదు. అమ్మే ఆయన మంచి మర్యాదస్తుడు, టీ ఇప్పించారు, సర్వీస్ బిల్లులన్నీ ఫైల్లో పెట్టి చూపించారు. "సాయంత్రం గుంటూరు నుంచి ఇంకో పార్టీ వస్తోందండీ, పది వేలు బయానా ఇచ్చి వెళ్తే మీకే ఉంచుతాను" అన్నారు. లోపల కొత్త సీటు కవర్లు, కమ్మటి సెంటు వాసన. మా బావగారైతే అప్పుడే ఫోన్ తీసి డబ్బులు పంపబోయారు. మెకానిక్ చూశాక ఇద్దాం అని నేనే ఆపాను.

మెకానిక్ వచ్చి ముందు బానెట్ కూడా ఎత్తలేదు. డ్రైవర్ సీటు బెల్టు పట్టుకుని చివరికంటా లాగారు. రోజూ మనం లాగేంత మేర నల్లగా శుభ్రంగా ఉంది, ఆపైన లోపలే చుట్టుకుని ఉండిపోయే చివరి జానెడులో మట్టి రంగు చార. వేలితో రుద్దితే పొడి రాలింది. తర్వాత ముందు సీటు వెనక్కి జరిపి కింద పట్టాలు చూపించారు, బోల్టుల తలలన్నీ తుప్పు. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటలో అంచు కింద చెయ్యి పెడితే సన్నటి ఒండ్రు. "ఇది సీట్ల దాకా మునిగిన బండి సార్, ఇంకేమీ చూడక్కర్లేదు" అన్నారు. ఇదంతా కలిపి పది నిమిషాలు కూడా పట్టలేదు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఎన్ని బళ్లు నీళ్లలో ఉన్నాయో ఈ ఊళ్లో అందరం చూశాం. వరదలో పూర్తిగా పాడైన బండికి ఇన్సూరెన్స్ కంపెనీ టోటల్ లాస్ కింద డబ్బు ఇస్తే ఆ బండి వేలంలో పోతుంది, పాడుకున్నవాళ్లు బాగుచేసి మళ్లీ అమ్ముతారు. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే వరదకి ఒక్క రూపాయి రాదు, సొంత డబ్బుతోనే కడిగించి రిపేరు చేయించుకోవాలి. అలా నష్టపోయినవాళ్ల మీద నాకు కోపం లేదు. మునిగిందని చెప్పి రెండున్నరకో మూడుకో అమ్మితే అది న్యాయమైన బేరమే, తెలిసి కొనుక్కునేవాళ్లు కొనుక్కుంటారు. చెప్పకుండా సెంటు కొట్టి అమ్మడం మాత్రం నాకు చాలా బాధగా అనిపించింది, ఎందుకంటే నీళ్లు చేరిన వైరింగ్ వెంటనే చెడిపోదు, కనెక్టర్ల లోపల చిలుము పట్టి ఆరు నెలలకో ఏడాదికో బ్రేకులకి సంబంధించిన ఏబీఎస్ లైటు, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలగడం మొదలవుతుంది. అప్పటికి ఆ బండిలో ఇంకెవరో పిల్లలతో హైవే మీద వెళ్తుంటారు.

రెండో కారు గుంటూరులో ఒక రిటైర్డ్ లెక్చరర్‌ది, 2018 మోడల్, 41 వేల కిలోమీటర్లు. మీటరు వెనక్కి తిప్పారా లేదా అన్నది మెకానిక్ ఎలా చూశారంటే, ముందు టైరు పక్కన ఉండే నాలుగంకెలు చదివారు. 2318 అని ఉంటే 2018లో 23వ వారంలో తయారైన టైరు. నాలుగూ బండితో వచ్చినవే, అరుగుదల కూడా 41 వేలకి సరిపోయేలా ఉంది. క్లచ్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ అరుగుదల కూడా చూశారు. కుడి ఫెండర్ బోల్టుల మీద పెయింట్ లేచి ఉంటే ఓపెన్ చేశారని పట్టుకున్నారు, లెక్చరర్ గారు వెంటనే గేటుకి తగిలిందని ఒప్పుకున్నారు. దాని మీద 15 వేలు తగ్గించుకుని 4 లక్షల 55 వేలకి ఖాయం చేసుకున్నాం.

ఇక తగ్గించిన మార్కు. కొన్నది డిసెంబరులో. ఏసీ ఐదు నిమిషాలు వేసి బాగానే ఉందన్నారు. మార్చి ఎండల్లో ట్రాఫిక్‌లో ఆగితే చల్లదనం పోతోంది, కంప్రెసర్ మార్చడానికి 14 వేలు అయింది. ఫోన్ చేస్తే, చలికాలంలో కనీసం ఇరవై నిమిషాలు బండి నిలబెట్టి ఏసీ చూడాల్సిందని ఆయనే ఒప్పుకున్నారు. మీరు ఎవరితో చెక్ చేయించినా ఇది పట్టుబట్టి అడగండి.

ఇంకోటి, ఆయన కాగితాలు చూడరు. నిజానికి నేరుగా కొనేటప్పుడు ఎక్కువ ప్రమాదం అక్కడే ఉంది. ఎం పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఈ కారు మీద ఫైనాన్స్ ఇంకా ఉన్నట్టే వచ్చింది. లోన్ ఎప్పుడో తీరిపోయింది, బాకీ లేదని బ్యాంకు ఇచ్చిన ఎన్ఓసీ బీరువాలో ఉంది, సీ బుక్కులో (ఆర్‌సీలో) ఎంట్రీ మాత్రం తీయించలేదు. ఫైనాన్స్ ఎంట్రీ తీసేయడానికి ఆర్టీఓలో పెట్టే ఫారం 35 పెట్టించి అది పోయాకే మిగతా డబ్బు ఇస్తానన్నాను, అంతవరకు ఐదు వేలు బయానా, దానికి తేదీతో రసీదు. చాసిస్ నంబరు పెన్సిల్ రుద్ది కాగితం మీదకి తీసి సీ బుక్కులోని 17 అక్షరాలతో ఒక్కొక్కటిగా సరిచూశాను. పాత చలాన్లు లెక్చరర్ గారితోనే కట్టించాను. డబ్బు మొత్తం బ్యాంకు ద్వారానే పంపాను, ఎందుకంటే 2 లక్షలు, ఆపైన నగదు తీసుకుంటే అమ్మినవాళ్లకి ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం కింద పెనాల్టీ పడుతుంది. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో మన పేరు మీదకి మార్చమని అప్లికేషన్ పెట్టాలి, లేకపోతే మన బండికి జరిగే నష్టం క్లెయిమ్ దగ్గర ఇబ్బంది వస్తుంది. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మనకి రాదు, అది ఆయనతోనే వెళ్తుంది.

అమ్మేవాళ్లకి కూడా ఒక మాట, ఇది నాకు జరిగింది. మూడేళ్ల క్రితం నా బైక్ ఒక బ్రోకర్‌కి అమ్మాను. పేరు మార్పుకి పెట్టే ఫారం 29, 30 ఖాళీగా ఉండగానే సంతకం పెట్టి ఇచ్చేశాను, డబ్బులొచ్చాయి కదా అని మర్చిపోయాను. ఎనిమిది నెలల తర్వాత హెల్మెట్ లేని చలాన్లు నా ఫోన్‌కి రావడం మొదలైంది. ఫొటోలో ఎవరో తెలియని కుర్రాడు, వెనక ఇద్దరు. ఆ బండి ఎవరికైనా తగిలితే ఏంటి పరిస్థితి అని నిద్ర పట్టలేదు. టెన్షన్ ఊరికే కాదు. 2007లో అమ్మేసి ఆర్‌సీ మార్చని ఒక కారు 2009లో ప్రమాదం చేస్తే, రికార్డులో పేరున్న పాత ఓనరే పరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. మధ్యలో ఎన్ని చేతులు మారాయన్నది లెక్కలోకి రాలేదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో అమ్మినవాళ్లు, 30 రోజుల్లో కొన్నవాళ్లు ఆర్టీఓకి తెలపాలి. నేను బ్రోకర్ చుట్టూ రెండు నెలలు తిరిగి ఆ కుర్రాడిని పట్టుకుని, ఫీజు నేనే కట్టి పేరు మార్పించాను.

కొనేవాడి ఆధార్ కాపీ, తేదీ, టైముతో డెలివరీ నోట్ తీసుకోండి, ఆర్టీఓ పని పూర్తయ్యేదాకా వదలకండి. డీలర్‌కి ఇస్తే, 2023 ఏప్రిల్ నుంచి వాళ్లకి ఆర్టీఓ ఇచ్చే ఆథరైజేషన్ సర్టిఫికెట్ ఉండాలి, అది చూపించమని అడగండి. ఆర్మీలో పనిచేస్తున్నానని చెప్పి, బండి చూడకుండానే కొంటానని, డబ్బు పంపుతున్నా స్కాన్ చేసి పిన్ కొట్టండంటూ క్యూఆర్ కోడ్ పంపేవాళ్ల ఫోన్ వెంటనే పెట్టేయండి. మన ఖాతాలోకి డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు.

మెకానిక్‌ని పిలవాలంటే ఒకరోజు ముందు చెప్పాలి, ఆదివారం దొరకరు. రాత్రిపూట, వానలో చూడనంటారు, పెయింట్ తేడా తెలియదని. అది నాకు నచ్చింది.

ఆ మొదటి కారు గత వారం మళ్లీ అమ్మకానికి కనిపించింది. అదే నంబరు, సెకండ్ ఓనర్, 4 లక్షల 30 వేలు. ఫోన్ చేసి, ఇది మునిగిన బండి అని మీకు తెలుసా అని అడిగాను. తెలియదన్నాడు. కొని నాలుగు నెలలైందట, ఎయిర్‌బ్యాగ్ లైటు ఎన్నిసార్లు చూపించినా ఆరడం లేదట, అందుకే అమ్మేస్తున్నాడట.